తీసేసిన గొంతు

సోమవారం పొద్దున పుయెర్తో లారాల్దె మునిసిపాలిటీ ఆఫీసులో కంప్యూటర్లన్నీ కొత్త తెరలతో లేచాయి. పాత బూడిదరంగు పోయి నీలం వచ్చింది. శని, ఆదివారాలు రెండు రోజులూ కూర్చుని ఆ పని చేసింది డెలియా ఓహెడా.

ఆఫీసులో ఉన్న యంత్రాలన్నీ లినక్స్ మీదే నడుస్తాయి. పాత వెర్షన్‌కి ఇక మరమ్మతులు రావని ముందే ప్రకటన వచ్చింది కనుక కొత్తదానికి మారక తప్పలేదు. మారడమంటే ఒక మీట నొక్కి చేతులు కట్టుకోవడం కాదు. జనన మరణాలకి ఒక ప్రోగ్రాము, డ్రైవింగ్ లైసెన్సులకి ఒకటి, శ్మశానంలో స్థలాలకి ఒకటి, వీధుల ఫిర్యాదులకి ఇంకొకటి. ఒక్కొక్కటీ ఒక మూట. ప్రోగ్రామూ, అది నడవడానికి ఏమేం కావాలో ఆ పట్టికా, దేన్ని ఎక్కడ దించాలో చెప్పే సూచనలూ కలిపి కట్టినది. ఆఫీసువాళ్ళు ప్యాకేజీ అంటారు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ మూటలన్నీ విప్పి, లోపల పాతబడిన పేర్లు మార్చి, విరిగినవి అతికి, మళ్ళీ కట్టాలి. ఏళ్ళ తరబడి వాటిని కట్టేది డెలియా ఒక్కతే.

ఈసారి పని మొదలుపెట్టే ముందు సెక్షన్ అధికారి ఫాబ్రిసియో బెర్తోనె ఆమె బల్ల అంచు మీద కూర్చుని, మాతె ఆకుల కషాయం పీల్చే గొట్టం నోట్లోంచి తీయకుండానే, "అయిదు మెషీన్ల కన్నా తక్కువ వాటిలో ఉన్నవన్నీ వదిలెయ్. ఎప్పటివో చెత్తంతా కొత్తింట్లోకి మోసుకెళ్ళొద్దు" అన్నాడు. ఆమె సరేనంది. వరసగా చూసుకుంటూ పోయి తక్కువ వాటిని పట్టికలోంచి ఒక్కొక్కటే కొట్టేసింది. కొట్టేస్తున్నప్పుడు ఏమీ అనిపించలేదు. ఈ మధ్య ఏం చేసినా ఆమెకి ఏమీ అనిపించడం లేదు. పొద్దున్నే లేస్తుంది, స్నానం చేస్తుంది, నది మీది మంచులోంచి నడిచి ఆఫీసుకొస్తుంది, ఒంటిగంటకి ఆఫీసు అయిపోగానే తాళం వేసి వెళ్ళిపోతుంది. ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగున్నానంటుంది. అది అబద్ధమని కూడా అనిపించదు.

సోమవారం ఆమె గదిగదికీ తిరిగి యంత్రాలు చూసుకుంటూ చివరికి మెట్ల పక్కన ఉన్న టెలిఫోను గదికి వచ్చింది. అక్కడ ఇద్దరే. చేలా అనే లావుపాటి హుషారు మనిషి కిటికీ దగ్గర. గోడవైపు బల్ల దగ్గర అన్సెల్మో ఫారియాస్, పెద్దాయన కనుక అందరికీ డోన్ అన్సెల్మో. ఆయనకి చిన్నప్పటినుంచే చూపు లేదు. ఊళ్ళో దీపం వెలగకపోయినా, డ్రైనేజీ పొంగినా, కుక్క చచ్చి రోడ్డు మీద పడున్నా జనం ఫోన్ చేసేది వీళ్ళిద్దరికే. అన్సెల్మోకి ఒక చెవిలో ఫోను, ఇంకో చెవిలో కంప్యూటరు. తెర మీద ఉన్నదాన్ని కంప్యూటరు ఆయనకి చదివి వినిపిస్తుంది. ఆయన దాన్ని ఎంత వేగంగా పెట్టుకునేవాడంటే, పక్కనున్నవాళ్ళకి మాటలు వినపడేవి కావు, చెవిగొట్టం సందులోంచి కీచురాయి కూసినట్టు వినపడేది. అవతలి మనిషి వీధి పేరు చెప్పడం పూర్తయ్యేలోపు ఆ వీధి మీద అంతకుముందు వచ్చిన ఫిర్యాదులన్నీ ఆయన వినేసి ఉండేవాడు.

ఈ పూట ఆ కీచురాయి లేదు. ఆయన చేతులు కీబోర్డు మీద ఊరికే ఉన్నాయి. నుదురు ముడిపడి ఉంది.

"డెలియా, నువ్వేనా? ఆ నడక నీదే. ఇటు రా అమ్మాయ్. నా చెవిలో ఈ సెన్యోరా ఎవరు?"

"ఏమైంది డోన్ అన్సెల్మో?"

"నువ్వే విను." చెవిగొట్టం తీసి చాచాడు. డెలియా వంగి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక ఆడగొంతు మెత్తగా, విడివిడిగా, ఉర్కిసా వీధి, ముందరి ఫిర్యాదులు, ఒకటి, అని చదువుతోంది.

"ఆయనకి కొత్త పెళ్ళాం వచ్చిందే" అంది చేలా కిటికీ దగ్గర్నుంచి. "మాట మెత్తన, తొందర లేదు. ఆ పాత మగగొంతువాడు పోయాడు."

"నవ్వకే. ఆవిడ జపమాల చెప్తున్నట్టు చదువుతుంటే అవతల వాడు ఫోన్ పెట్టేస్తున్నాడు."

"వేగం పెంచుకోవచ్చుగా" అంది డెలియా.

"పెంచాను. పెంచితే మాటలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోతున్నాయి. అన్నం ముద్దయినట్టు. నా పాత గొంతు ఏది? రేకుడబ్బా గొంతు? అది ఎంత పరిగెత్తించినా ఒక్క అక్షరం మింగేది కాదు."

డెలియాకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ గొంతు ఒక మూట. ఎప్పుడో ఒక యూనివర్సిటీ పిల్లలు తయారుచేసి వదిలేసినది. ఆఫీసు మొత్తం మీద ఒక్క యంత్రంలోనే ఉంది. అయిదు కన్నా తక్కువ. శనివారం పొద్దున, ఎండు బిస్కెట్ నములుతూ, దాన్ని తానే కొట్టేసింది. ఆ యంత్రం ఎవరిదో పేరు చూసింది కూడా.

"చూస్తాను" అంది.

"త్వరగా చూడమ్మా. నేనిక్కడ బొమ్మలా కూర్చున్నాను."

ఫాబ్రిసియో తన గదిలో ఫోన్లో ఎవరికో లైసెన్సుల గురించి మాట ఇస్తున్నాడు. ఫోన్ పెట్టేదాకా ఆగి చెప్పింది.

"మాట్లాడుతోందిగా?" అన్నాడు.

"మాట్లాడుతోంది. కానీ ఆయనకి పనికొచ్చే వేగంలో..."

"మాట్లాడుతోంది. కొత్త వెర్షన్‌తో పాటే వచ్చింది, మనం వేలు కదపక్కర్లేదు. అంధులకి సౌకర్యం ఉందా అని పైనుంచి అడిగితే ఉందని చెప్పాను. పైగా ఎంత బాగుంది గొంతు! ఆ పాతది వింటుంటే నాకు పళ్ళు జివ్వుమనేవి. డెలియా, డ్రైవింగ్ లైసెన్సుల ప్యాకేజీ ఎక్కడిదాకా వచ్చింది?"

"కార్డులు అచ్చువేసే మెషీన్‌ని కొత్త వెర్షన్ గుర్తుపట్టడం లేదు."

"శుక్రవారం మేయర్ వచ్చి మొదటి కార్డు తన చేత్తో ఇస్తానన్నాడు. ఫొటో తీస్తారు. అది చూడు ముందు."

కారిడార్లో లైసెన్సుల కిటికీ ముందు అప్పటికే క్యూ ఉంది. చలికి కోట్ల జేబుల్లో చేతులు పెట్టుకుని జనం. కిటికీ వెనకున్న అమ్మాయి, సిస్టమ్ మారింది, రేపు రండి, అని చెప్తోంది. డెలియా వాళ్ళ పక్కనుంచే నడిచి తన బల్ల దగ్గరికి వెళ్ళి, లైసెన్సుల మూట విప్పింది.

మంగళవారం ఫిర్యాదుల మీద ఫిర్యాదులొచ్చాయి. మునిసిపాలిటీకి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంటోందని ఎవరో రేడియోలో అన్నారట. పదింటి వేళ సిబ్బంది విభాగం నుంచి నోర్మా ఎచార్తె వచ్చింది. బూడిదరంగు స్వెట్టర్, మెడలో అద్దాల గొలుసు, మాట ఎప్పుడూ తగ్గించి మాట్లాడే మనిషి. డెలియా మెట్ల కింద ఉన్న డబ్బాలో తీగలు సరిచేస్తూ ఉండగా, పక్కనే టెలిఫోను గది తలుపు తెరిచే ఉండడం వల్ల మాటలు వినపడ్డాయి.

"మీ మంచికే చెప్తున్నాను డోన్ అన్సెల్మో. వయసొచ్చింది. కొత్త సిస్టమ్ అందరికీ అలవాటు కాదు. అందులో తప్పేం లేదు."

"వయసు శుక్రవారం లేదా సెన్యోరా? శుక్రవారం నా దగ్గర ఒక్క కాల్ ఆగలేదు. శనాదివారాల్లో ముసలాణ్ణయిపోయానా?"

"నేను కాగితం మీద ఉన్నది చూస్తాను. నిన్న మీరు తీసుకున్న కాల్స్ చేలా తీసుకున్నవాటిలో మూడో వంతు లేవు."

"మధ్యలో నన్ను లాగకండి" అంది చేలా. "నేనేదో ఊపిరి బిగబట్టి చేస్తున్నాను."

"గురువారం నేనొచ్చి పక్కన కూర్చుంటాను" అంది నోర్మా. "గడియారం పెట్టుకుని చూస్తాను. మీకు వీలుపడడం లేదని తేలితే వేరే ఏర్పాటు చేద్దాం. ప్రధాన ద్వారం దగ్గర కుర్చీ వేయిస్తాను. వచ్చినవాళ్ళకి దారి చెప్పచ్చు."

చెవిగొట్టం బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"దారి చెప్పడానికి గుడ్డివాణ్ణి పెడతారన్నమాట" అన్నాడు అన్సెల్మో. చేలా పక్కున నవ్వబోయి ఆపుకుంది. నోర్మా నవ్వలేదు. ఆవిడ చెప్పుల చప్పుడు మెట్లెక్కి పోయింది.

డెలియా డబ్బా మూసి, మరలు బిగించి, తన బల్ల దగ్గరికి వచ్చింది. తెర మీద లైసెన్సుల మూట సగం విప్పి ఉంది. దాన్ని పక్కకి జరిపి, పాత సరుకంతా దాచే చోట వెతికి, గొంతు మూట బయటికి తీసింది. జాలి అనిపించలేదు. కోపం అనిపించలేదు. చెయ్యి దానంతటది అటు పోయింది, అంతే.

మూట కట్టాలంటే ముందు ఒక ఖాళీ చోటు తయారుచేయాలి. కొత్త వెర్షన్ ఒక్కటే ఉండి, ఇంకేమీ లేని చోటు. అందులో మూట కావాలన్న వస్తువులు మాత్రమే తెచ్చిపెట్టి కట్టి చూడాలి. అలా అయితేనే ఎవరి యంత్రం మీదైనా విప్పుకుంటుంది. డెలియా ఖాళీ చోటు తయారుచేసి కట్టడం మొదలుపెట్టింది. మొదటి అడుగులోనే ఆగిపోయింది. మూట అడిగిన వాటిలో సగానికి కొత్త వెర్షన్‌లో పేర్లు మారిపోయాయి. ఒక్కో పేరూ వెతికి దిద్దింది. మళ్ళీ కట్టింది. ఈసారి ప్రోగ్రాములోని పాత రాతని కొత్త వెర్షన్ ఒప్పుకోలేదు. ఇన్నాళ్ళూ మందలించి వదిలేసిన తప్పుల్ని ఇప్పుడు తప్పులుగానే లెక్కేసి ఆపేస్తోంది. తెర నిండా ఎర్రటి వరసలు. ఆమె మొదటి వరస చదివి, దిద్ది, మళ్ళీ కట్టింది. రెండో వరస. మూడోది. ఫ్యాను మోగుతోంది, ఆగుతోంది, మోగుతోంది. ఫ్లాస్కులో నీళ్ళు చల్లారిపోయాయి. చల్లటి మాతెనే పీల్చింది.

దారిన పోతూ ఫాబ్రిసియో, "లైసెన్సులేనా?" అని కేకేశాడు.

"ఆఁ" అంది.

బుధవారం మధ్యాహ్నానికి ముందు మూట కట్టుబడింది. గొంతు కూడా పలికింది, కానీ ఆమెకి ఆ వేగంలో తప్పొప్పులు తెలియవు. ఆమె చెవికి అంతా కీచురాయే. టెలిఫోను గదికి ఫోన్ చేసి, ఒక్కసారి తన బల్ల దగ్గరికి రాగలరా అని అడిగింది. అన్సెల్మో గోడ పట్టుకుని కారిడార్ దాటి, లోపలికొచ్చి, కుర్చీ వీపు తడిమి కూర్చున్నాడు. చంకలో కాగితం పొట్లం ఉంది.

"మా ఆవిడ ఎల్వీరా ఎంపనాదాలు చేసింది. రెండు నీకు. తిను ముందు."

"తర్వాత తింటాను. ఇది పెట్టుకోండి."

ఆయన చెవికి పెట్టుకున్నాడు. కీచురాయి మొదలైంది. ఆయన ముఖం చూడడం తప్ప డెలియాకి వేరే కొలత లేదు. నుదుటి మీది ముడత మెల్లగా విడింది. తల ఒక పక్కకి వాల్చి, నోరు కొంచెం తెరిచి, చాలాసేపు విన్నాడు.

"వచ్చాడు" అన్నాడు. "వచ్చాడమ్మా వెధవ." తర్వాత వేలెత్తాడు. "ఆగు, ఆగు. ర్ర దగ్గర తడబడుతున్నాడు. ఫెర్రోకర్రీల్ వీధి అని రాసి చూడు."

ఆమె రాసింది. ఆయన విని తల అడ్డంగా ఊపాడు. డెలియా లోపలికి వెళ్ళి చూసింది. ఆ గొంతు ముక్కలన్నీ పాత పద్ధతిలో పేర్చి ఉన్నాయి. కొత్తది ఒక్కో ముక్క చివర పిసరంత కోసేస్తోంది. అసలు రికార్డింగుల నుంచి ముక్కలన్నీ మళ్ళీ తయారుచేస్తే తప్ప కుదరదు. అవి మూట అడుగున ఉన్నాయి, ఇన్నేళ్ళూ ఎవరూ తాకలేదు. ఆమె తయారీ మొదలుపెట్టింది. తెర మీద పేర్లు ఒకదాని కింద ఒకటి పారుతున్నాయి. చేసేదేమీ లేక ఇద్దరూ కూర్చున్నారు.

"ఎవరు చేసుంటారంటావ్ అమ్మాయ్?" అన్నాడు అన్సెల్మో.

"ఏది?"

"దీన్ని తీసేయడం. ఊరికే పోదుగా, ఎవరో ఒకరు తీసుండాలిగా. నా లెక్క ప్రకారం ఫాబ్రిసియోనే. నీ మెషీన్లో పిచ్చుకలు గూడు కట్టాయా తాతా అంటుండేవాడు. వాడికి నేను తాతనట." పొట్లం విప్పి ఆమె వైపు జరిపాడు. "నువ్వుండబట్టి సరిపోయింది. ఈ ఆఫీసులో నాకు కళ్ళు లేవని గుర్తుపెట్టుకుని జాలిపడేవాళ్ళున్నారు, కళ్ళు లేవని మర్చిపోయి నా కాళ్ళు తొక్కేవాళ్ళున్నారు. ఆ రెండూ కాని దానివి నువ్వొక్కదానివే. తిను, చల్లారిపోతున్నాయి."

డెలియా కజ్జికాయలా మడిచిన ఎంపనాదా ఒకటి తీసుకుని కొరికింది. మాంసం, ఉల్లిపాయ, ఉడికిన గుడ్డు. నమిలింది. చెప్పాలంటే ఇదే సమయం. గొంతులో ఉన్న ముద్ద దిగాక చెబుదామనుకుంది. దిగింది. చెప్పలేదు.

"బాగున్నాయా?"

"బాగున్నాయి."

తయారీ పూర్తయింది. ఆయన మళ్ళీ విన్నాడు. ఫెర్రోకర్రీల్, తెర్రాదా, కొర్రియెంతెస్. ఒక్కోదానికీ గడ్డం కిందికి ఊపాడు. లేచేటప్పుడు చెయ్యి చాచి గాలిలో వెతికి, ఆమె భుజం దొరకగానే తట్టి వెళ్ళిపోయాడు.

గురువారం ఆఫీసు తెరవగానే డెలియా టెలిఫోను గదిలో ఆ మూట విప్పి దించింది. లైసెన్సుల పని కాకుండా ఇంకే మార్పూ ఎక్కడా చేయొద్దని ఫాబ్రిసియో ముందురోజే అందరికీ చెప్పి ఉన్నాడు. అది ఆమెకి గుర్తుంది. గుర్తుంటూనే దించింది. నోర్మా కుర్చీ లాక్కుని, అన్సెల్మో పక్కన కూర్చుని, ఫోనులో గడియారం తెరిచి బల్ల మీద పెట్టింది. కొత్త గొంతుతో ఆయన ఎలా చేస్తాడో చూద్దామని ఫాబ్రిసియో కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చేలా గట్టిగా ఊపిరి తీసుకుంది.

ఫోను మోగింది.

"మునిసిపాలిటీ, చెప్పండి. బెల్గ్రానో వీధి, స్కూలు మూల. నీళ్ళు ఎప్పట్నుంచి? దానికి సోమవారం కూడా ఒక మనిషి ఫోన్ చేశారమ్మా, మీ ఎదురింటావిడే. మనుషులు బయల్దేరారు, ఈ పూటే వస్తారు. ఉంటాను." మళ్ళీ మోగింది. "మునిసిపాలిటీ. ఆఁ, చెప్పండి..." ఆయన వేళ్ళు కీబోర్డు మీద ఆగడం లేదు. చెవిగొట్టం సందులోంచి కీచురాయి అరుస్తోంది. ఒక కాల్, దాని వెనకాల ఇంకొకటి. చేలా తన ఫోన్ ఎత్తడం మానేసి చూస్తోంది. నోర్మా మొదట్లో గడియారం వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది. కాసేపటికి గడియారం చూడడం మానేసింది.

"ఆ శబ్దం ఏమిటి?" అని అడిగింది.

"అదే నాకు చదివి వినిపించేది."

"చాలు. ఆపండి." నోర్మా అద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. ఆవిడ గొంతు ఇంకా తగ్గింది. "ఇంత వేగంగా చేయగలరన్నమాట మీరు."

"చేయగలను. ఎప్పుడూ చేస్తూనే ఉన్నాను."

"మరి సోమ, మంగళ, బుధవారాలు? చేయగలిగి ఉండి చేయలేదా? కొత్త సిస్టమ్ నచ్చలేదని పని ఆపేశారా? ఊరంతా ఫోన్లు పట్టుకుని ఎదురుచూస్తుంటే?"

అన్సెల్మో ముఖం ఆవిడ గొంతు వైపు తిరిగింది. ఆయన నోరు తెరిచేలోపే ఇంకొకరు అందుకున్నారు.

"నేనప్పుడే అనుకున్నాను" అన్నాడు ఫాబ్రిసియో తలుపు దగ్గర్నుంచి. "గొంతు బాగానే పనిచేస్తోందని నేను చెప్పాను కదా."

"ఇది వేరే విషయం" అంది నోర్మా. "చేతకాకపోవడం ఒకటి. ఇది క్రమశిక్షణ కిందికి వస్తుంది."

"ఆయన తప్పు లేదు" అంది డెలియా.

అందరూ ఇటు తిరిగారు. ఆమె గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తన గొంతు తనకే పక్కగదిలోంచి వచ్చినట్టు వినపడింది.

"ఆ మూడు రోజులు ఆయనకున్నది వేరే గొంతు. అది వేగానికి పనికిరాదు. ఇప్పుడున్నది ఆయన పాతది. పొద్దున్నే నేను దించాను."

"పాతది ఎందుకు పోయింది?"

"నేను తీసేశాను. కొత్త వెర్షన్‌కి మారేటప్పుడు తక్కువ మెషీన్లలో ఉన్న ప్యాకేజీలన్నీ తీసేశాను. ఇది ఒక్క మెషీన్‌లో ఉంది. ఆ మెషీన్ ఎవరిదో నాకు తెలుసు. పేరు చూశాను, తీసేశాను."

ఫోను మోగింది. ఎవరూ ఎత్తలేదు. ఫాబ్రిసియో ఏదో అనబోయాడు. తీసేయమన్నది తానేనన్న సంగతి ఇప్పుడు బయటికొస్తుందేమోనని కాబోలు, నోరు మూసుకున్నాడు. డెలియా ఆ మాట ఎత్తలేదు. దాచాలని కాదు. చెప్పవలసింది చెప్పడం అయిపోయిందనిపించింది.

నోర్మా అద్దాలు పెట్టుకుంది. "అలాగైతే ఈ పరీక్షకి అర్థం లేదు" అంది. ఫోన్ తీసుకుని, కుర్చీ ఎక్కడిదక్కడ జరిపి, వెళ్ళిపోయింది. అన్సెల్మోకి క్షమించమని చెప్పలేదు.

"లైసెన్సుల పని వదిలేసి ఇదా చేశావ్ నువ్వు?" అన్నాడు ఫాబ్రిసియో. "రేపు మేయర్‌కి నేనేం చెప్పను? నువ్వే వచ్చి చెప్పు. నీకు మెమో వస్తుంది, చూసుకో." అతనూ వెళ్ళాడు.

డెలియా ఆగింది. అన్సెల్మో ఫోన్ ఎత్తి, పలికి, ఫిర్యాదు రాసుకుని పెట్టేశాడు. ఆమె వైపు తిరగలేదు.

"డోన్ అన్సెల్మో..."

"మీ పనైపోతే మీరు వెళ్ళచ్చు, సెన్యోరా ఓహెడా" అన్నాడు. "నాకు కాల్స్ ఉన్నాయి."

ఇన్నేళ్ళలో ఆయన ఆమెని మీరు అనడం అదే మొదలు. చేలా తల దించుకుని, లేని కాగితం దేనికోసమో సొరుగులో వెతకసాగింది.

ఆ రోజు ఒంటిగంటకి తాళం వేశాక డెలియా ఇంటికి పోకుండా నది ఒడ్డున సిమెంటు గట్టు మీద కూర్చుంది. ఎండ వచ్చింది గానీ వేడి లేదు. ఇసుక పడవ ఒకటి ఎదురీదుతూ ఉన్నచోటే ఉన్నట్టుగా కదులుతోంది. చాలాసేపు కాళ్ళు మడిచి కూర్చుని లేవబోతే, తిమ్మిరెక్కిన కాలు వదిలేటప్పుడు సూదులు గుచ్చినట్టుంటుందే, అలాంటిది ఏదో లోపల ఎక్కడో మొదలైంది. అది ఎక్కడో సరిగ్గా తెలియలేదు. మెమో గురించి కాదు. ఆయన తనని మీరు అన్నాడు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ వస్తోంది.

శుక్రవారం మేయర్ రాలేదు. ఫొటో వాయిదా పడింది. కారిడార్లో క్యూ మాత్రం తలుపు దాటి బయటి మెట్ల మీదికి పాకింది. కొందరు కిటికీ బల్ల మీద చేత్తో కొడుతున్నారు. కిటికీ అమ్మాయి గొంతు బొంగురుపోయింది. ఫాబ్రిసియో తన గది తలుపు మూసుకున్నాడు. డెలియా పొద్దున్నించీ తల ఎత్తలేదు. కార్డు అచ్చువేసే మెషీన్‌కి సంబంధించిన ముక్క పేరు కొత్త వెర్షన్‌లో మారడమే కాదు, ఉన్న చోటు కూడా మారింది. మూట దాన్ని పాత చోటే వెతుక్కుంటోంది. చోటు దిద్దింది. ఇప్పుడు అనుమతి లేదంటోంది. ఎవరికి అనుమతి, ఎవరికి లేదు, ఒక్కొక్కటే చూసుకుంటూ పోతోంది. మంగళ, బుధవారాలు ఈ పనే చేసుంటే ఈ క్యూ ఉండేది కాదు. ఆ సంగతి ఆమెకి స్పష్టంగానే తెలుసు.

బల్ల మీద ఫోను మోగింది.

"టెలిఫోను గది" అన్నాడు అన్సెల్మో. గొంతులో ఏమీ లేదు. "మీ సెక్షన్‌కి ఒక ఫిర్యాదు."

"చెప్పండి."

"రోహెలియో బ్రితోస్. లారీ డ్రైవరు. వరి మిల్లు సరుకు మోస్తాడు. సోమవారం తెల్లారేసరికి బండి తీయాలి. లైసెన్సు గడువు ఇవాళ్టితో సరి. ఈ వారమంతా వచ్చి తిరిగి వెళ్ళాడు. బండి తీయకపోతే మిల్లువాళ్ళు ఇంకొకణ్ణి పెట్టుకుంటారట. లైన్లోనే ఉన్నాడు. దీనికి బాధ్యులెవరో పేరు చెప్పమంటున్నాడు. అది చెప్పందే ఫోన్ పెట్టడట." కాస్త ఆగాడు. "ఏమని రాయమంటారు? లైసెన్సుల విభాగం అని రాయనా, కంప్యూటర్ సెక్షన్ అని రాయనా?"

డెలియా తెర వైపు చూసింది. కొత్తగా దిద్దిన మూట ఖాళీ చోటులో కట్టుబడుతోంది. వరసలు ఇంకా ఎర్రబడలేదు.

"నా పేరు రాయండి" అంది.

ఫోను చెవికి ఇంకా దగ్గరగా జరుపుకుంది.

"డెలియా ఓహెడా అని రాయండి. ఆ డ్రైవరు పని పక్కనపెట్టింది నేను. ఆయనకి చెప్పండి, పక్కనపెట్టి ఇంకో పని చేసిందట అని కూడా చెప్పండి."

"ఇంకో పని ఏమిటని అడుగుతాడు."

"చెప్పండి."

కీచురాయి కూత దూరంగా, సన్నగా వినపడింది. కీబోర్డు చప్పుడు. ఒక అక్షరం, ఇంకొక అక్షరం, మామూలుగా ఆయన కొట్టే దానికన్నా చాలా నెమ్మదిగా. తర్వాత అదీ ఆగింది. కారిడార్లో ఎవరో కిటికీ మీద గట్టిగా చరిచారు.

"రాశాను" అన్నాడు అన్సెల్మో. "ఎన్నింటికి రమ్మంటావ్ ఆయన్ని?"

డెలియా ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"పన్నెండింటికి రమ్మనండి" అంది. "కార్డు నేనే తెచ్చి చేతికిస్తాను."

ఆయన ఆ మాట అవతలి లైన్లో ఉన్న మనిషికి చేర్చడం వినపడింది. ఫోను పెట్టేసింది. తెర మీద కింద ఒక వరస ఎర్రబడింది. పన్నెండింటికి ఆ లారీ మనిషి ముఖంలోకి ఎలా చూడాలో తెలియక భయం వేస్తోంది. ఆ భయంతోనే వంగి, ఎర్రబడ్డ వరస చదవడం మొదలుపెట్టింది.